గింజ పడుతుందా, పడదా?

1930ల తొలినాళ్లు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్. స్కిన్నర్ అనే యువకుడు ఎలుకలతో ప్రయోగాలు చేస్తున్నాడు. పెట్టెలోని ఎలుక మీట నొక్కితే మేత గుళిక ఒకటి పడుతుంది. ఆ గుళికల్ని స్కిన్నరే స్వయంగా తయారుచేసుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం చూసుకుంటే, సోమవారం ఉదయానికే నిల్వ నిండుకునేలా ఉంది. సాయంత్రమంతా గుళికలు చేస్తూ కూర్చునే ఓపిక లేక, ఎన్నిసార్లు నొక్కినా నిమిషానికి ఒక్కటే పడేలా ఏర్పాటు మార్చాడు. ఎలుక మాత్రం నొక్కడం మానలేదు.

పొదుపు కోసం వేసిన ఆ ఎత్తు పెద్ద పరిశోధనకే దారితీసింది. తర్వాత స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ కలిసి పావురాలతో చేసిన ప్రయోగాలు 1957లో పుస్తకంగా వచ్చాయి. ఏ పోటుకు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం ఆగకుండా పొడుస్తుంది. గింజలు పూర్తిగా ఆపేసినా చాలాసేపు ఆశ వదులుకోదు. స్లాట్ మెషీన్ అనే జూద యంత్రం ముందు కూర్చున్న మనిషిదీ ఇదే తీరు అని స్కిన్నర్ 1953లోనే రాశాడు.

అయితే, ఈ కిటుకు వ్యాపారులకు ముందే తెలుసు. శాన్ ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే ‘లిబర్టీ బెల్’ అనే స్లాట్ మెషీన్‌ను 1890ల్లోనే తయారుచేశాడు. నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. జేబులు ఖాళీ అవడం ముందు మొదలైంది. ఎందుకవుతున్నాయో ప్రయోగశాల ఆ తర్వాత వెతికింది.

నష్టమని తెలిసినా...

మీట నొక్కుతూ ఉండటం ఒకటి, నష్టం వచ్చే వైపే కోరి వెళ్లడం మరొకటి. ఈ రెండోదాన్ని కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ జెంటాల్, జెస్సికా స్టాగ్నర్ 2011లో పావురాల్లో చూపించారు. ఒకవైపు ప్రతిసారీ 3 గుళికలు ఖాయం. రెండోవైపు నూటికి 20 సార్లు 10 గుళికలు, మిగతా 80 సార్లు సున్నా. అంటే సగటున రెండే. పావురాలు ఈ రెండోవైపే మొగ్గాయి. అక్కడ గెలుపు రాబోతోందని ఒక రంగు వెలుగు ముందే చెబుతుంది. ఆ వెలుగుకు అర్థం లేకుండా చేస్తే పావురాలు బుద్ధిగా 3 గుళికల వైపు మళ్లాయి.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథరిన్ విన్‌స్టాన్లీ బృందం 2009లో ఎలుకలకు నాలుగు కన్నాల జూదం నేర్పింది. ఒక కన్నంలో 80 శాతం సార్లు 2 గుళికలు. ఓడితే 10 సెకన్లు ఆట బంద్. మరో కన్నంలో 4 గుళికలు ఊరిస్తాయి కానీ గెలుపు 40 శాతమే. ఓడితే 40 సెకన్ల శిక్ష. ఎక్కువ ఎలుకలు మొదటిదాన్నే ఎంచుకున్నాయి. కానీ గెలిచినప్పుడల్లా లైట్లు మెరిసి శబ్దాలు మోగేలా చేస్తే, ముప్పున్న కన్నాల వైపు మొగ్గు పెరిగిందని ఇదే ప్రయోగశాల 2016లో తేల్చింది. ఈ బృందమే 2011లో చేసిన ఎలుకల స్లాట్ మెషీన్లో మూడు దీపాలూ వెలిగితేనే గెలుపు. రెండే వెలిగినా, గెలిచామన్నట్టుగా ఎలుకలు బహుమతి కోసం ఉన్న మీటను నొక్కిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

మెదడులో జరిగేదేమిటో కోతులు చెప్పాయి. బహుమతి దక్కే అవకాశం సరిగ్గా సగంసగం ఉన్నప్పుడు, ఫలితం కోసం ఎదురుచూసే ఆ కాసేపట్లో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే మెదడు కణాల సందడి పతాకస్థాయిలో ఉంటుందని వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ బృందం 2003లో ప్రకటించింది.

అప్పు తెలియని జీవులు

ఈ నమూనాలకు హద్దులూ ఉన్నాయి. ఎలుక తన సొత్తేమీ ఒడ్డదు. అది పోగొట్టుకునేది కాసేపు సమయమే. పుస్తెలు తాకట్టు పెట్టదు, అప్పు చేయదు, పోయింది రాబట్టాలని ఇల్లు అమ్మదు. పైగా ఈ ఎలుకలు, పావురాలు ఆకలి మీదున్న ప్రాణులు. అందుకే మనిషి పతనాన్ని మొత్తంగా ఇవి చెప్పలేవు.

చెప్పినంతవరకు మాత్రం స్పష్టంగానే చెప్పాయి. పావురానికి డబ్బు మీద వ్యామోహం లేదు, ఎలుకకు చెడు సావాసాలు లేవు. అయినా రెండూ వలలో పడ్డాయి. ఆటగాడికి నీతులు చెప్పడంతోనే సరిపెట్టుకోకుండా, ఆ వెలుగులనూ శబ్దాలనూ ఏ లెక్కతో అమర్చారో తయారీదారుణ్ణి నిలదీయాలి.