చిమ్మిలి నుంచి నీలిమాత్ర దాకా

మా ఏఎస్ రావు నగర్‌కు పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు గారు ఈసీఐఎల్ సంస్థకు ఆద్యులు. ఆయన స్వగ్రామం పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు. ఆ ఊరికి చేరువలోని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మా కాలనీలో అంతగా వినబడదు. కానీ సర్కారు బడుల్లో ఆడపిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలిమాత్రలో ఇనుముకు తోడుగా ఉండే ఫోలిక్ ఆమ్లం చరిత్ర ఆయనతో ముడిపడినదే.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. మన పెద్దలు పాండురోగమన్నది దీనినే. ఈస్టు సారం ఇస్తే వారు కోలుకుంటున్నారని ఆమె గుర్తించారు. అందులో పనిచేసిన పదార్థం ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి నేతృత్వంలోని బృందం దానిని కృత్రిమంగా తయారుచేసింది.

ఈ కథలో రెండవ మజిలీ కూడా మాకు దగ్గరిదే. మౌలాలి మీదుగా వెళితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం మెకారిసన్ దొర ప్రారంభించిన చిన్న ప్రయోగశాల దీనికి మూలం. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పొందింది. ఆ మరుసటి యేడే, 1970లో, కేంద్ర ప్రభుత్వం రక్తహీనత నివారణ పథకాన్ని ఆరంభించి ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచసాగింది. అయితే ఆ పథకం చూపు ముఖ్యంగా గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లల మీదనే నిలిచింది. పదో యేటికీ కాన్పుకీ నడుమ ఉన్న ఆడపిల్ల వంతు ఆలస్యంగా వచ్చింది. బడిపిల్లలకు వారం వారం మాత్ర ఇచ్చే కార్యక్రమం దేశవ్యాప్తమైనది 2012-13లో. అంటే నాలుగు దశాబ్దాల పైమాటే!

నా అభియోగం ఇక్కడే. తల్లి కాబోతున్నదని తెలిశాక గానీ స్త్రీ రక్తం మనకు లెక్కలోకి రాలేదు. ఎదుగుదల, నెలసరి ఒకేసారి మీదపడే వయసులోనే ఒంట్లోని ఇనుము నిల్వలు ఖాళీ అవుతాయి. అలా ఖాళీ అయిన గాదెను కాన్పుకు ముందున్న కొద్ది నెలల్లో నింపడం కష్టం.

విచిత్రమేమంటే, ఆ వయసును మన ఇళ్లు గుర్తించకపోలేదు. కోస్తా జిల్లాల్లో పిల్ల పెద్దమనిషి కాగానే నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెట్టేవారు. నూరు గ్రాముల నువ్వుల్లో సుమారు 14 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. కానీ ఆ గౌరవం వేడుక జరిగిన కొద్దిరోజులకే పరిమితం. ఆ తరువాత మగవాళ్లు తినగా మిగిలినదే ఆమెకు.

పైగా తిన్న ఇనుమంతా రక్తం కాదు. 2020 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం 13-15 యేళ్ల ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాములు కావాలి. అదే వయసు మగపిల్లవాడికి 22 చాలు. తార్నాక సంస్థవారే 2017లో వెలువరించిన పట్టికల్లో నూరు గ్రాముల రాగుల్లో 4.6, సజ్జల్లో 6.4 మిల్లీగ్రాములే ఉన్నాయి. ధాన్యాల్లోనూ ఆకుకూరల్లోనూ ఉన్న ఇనుములో కొద్దిభాగమే ఒంటబడుతుంది. మాంసం, కాలేయాల్లోనిది మెరుగ్గా పడుతుంది. శాకాహారులకు ఉపాయం విటమిన్ సి: తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకోవడం, అన్నంలోకి ఉసిరి పచ్చడి, భోజనం తరువాత జామకాయ. భోజనంతోపాటు టీ తాగితే మాత్రం దానిలోని టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి. కాస్త ఆగి తాగాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 యేళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఇంత దగ్గర్లో ఇంత శాస్త్రం పెట్టుకొని కూడా! మాత్ర బడి పంచుతుంది, నులిపురుగుల మందు కూడా ఇస్తుంది. పళ్లెంలోకి ఏది ముందు, ఎవరికి ముందు అన్నది మాత్రం ఇల్లే తేల్చాలి. చిమ్మిలి పెట్టిన చేతులకు అది తెలియని విద్య కాదు. కావలసిందల్లా ఆ వేడుకను కొద్దిరోజులతో ముగించకపోవడమే.

మీ ప్రాంతాల్లో ఆ వయసు పిల్లలకు ప్రత్యేకంగా ఏం పెట్టేవారో తెలిసిన మిత్రులు చెబితే సంతోషిస్తాను.