చట్టం చేతులెత్తేసిన చోట: కారంచేడు నుంచి చుండూరు దాకా

తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చింది. అందులో హీరో కృష్ణది తెనాలి దగ్గరి బుర్రిపాలెం. ఈ తరహా పాశ్చాత్య కథల్లో న్యాయస్థానం ఎక్కడో దూరాన ఉంటుంది. ఊళ్లో దుర్మార్గుడిదే రాజ్యం. చివరికి ఒక్క మగాడు గుర్రమెక్కి వచ్చి తుపాకీతో లెక్క తేలుస్తాడు. మన పల్లెల్లో జనం ఈ సినిమాలకు ఈలలేశారు. అయితే గుంటూరు, ప్రకాశం జిల్లాల దళితుల చరిత్ర ఈ కథకు రెండు చోట్ల అడ్డం తిరుగుతుంది. ఆ రెండు చోట్లనూ ఇక్కడ పరిశీలిద్దాం.

మొదటిది, ఇక్కడ చట్టం దూరాన లేదు. కారంచేడు చీరాలకు కూతవేటు దూరం. 1985 జులై 16న మాదిగలు తాగే చెరువు నీళ్లు పాడుచేస్తున్నారని అడ్డుపడ్డందుకు కమ్మ యువకులు కొట్టబోతే, ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తింది. మర్నాడు ఆ ఊరి కమ్మ భూస్వాములు గూడెం మీద పడ్డారు. ఆరుగురు మాదిగలు చనిపోయారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. చుండూరులో 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని రెడ్డి యువకుడికి తగిలిందన్న తగువుతో మొదలైంది. ఆ తర్వాత దళితులకు పనులు బందు పెట్టారు. ఆగస్టు 6న ఊళ్లో పోలీసులుండగానే ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోతాల్లో కట్టి కాలవల్లో పడేశారు. అంటే చట్టం ఊళ్లోనే ఉంది. ఎవరి పక్కన నిలబడిందన్నదే ప్రశ్న.

దీని మూలం కూలిలో ఉందని మేం భావిస్తున్నాం. ఈ మైదానాల్లో పత్తి తీసేదీ, మిరపకాయలు కోసేదీ, నాట్లు వేసేదీ ఎక్కువగా దళిత స్త్రీలే. సాక్షి చెప్పాల్సిన మనిషి, ముద్దాయి పొలంలో పని దొరికితేనే పూట గడిచే మనిషి ఒక్కరే అయినప్పుడు కోర్టులో ఆ నోరు ఎలా పెగులుతుంది? చుండూరులో హత్యలకు ముందు సాంఘిక బహిష్కరణ రావడం అందుకే యాదృచ్ఛికం కాదు. కూలి ఆపడం కొట్టడానికి ముందు చేసే పని.

రెండోది, ఇక్కడ ఒంటరి హీరో లేడు. కారంచేడు బాధితులు పారిపోయి చీరాలలో తలదాచుకున్నారు. ఆ శిబిరమే ఉద్యమ కేంద్రమైంది. పొన్నూరులో సంస్కృత అధ్యాపకుడైన కత్తి పద్మారావు, హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకొచ్చిన బొజ్జా తారకం ముందు నిలిచి 1985 సెప్టెంబరు 1న దళిత మహాసభ ఏర్పడటానికి కారకులయ్యారు. బాధితులు మళ్లీ ఆ ఊరికి పోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ వెలిసింది. బయటివాళ్లకిది పునరావాసంగానే కనపడుతుంది. మా దృష్టిలో ఇది సాక్షుల్ని కాపాడుకునే ఎత్తుగడ కూడా. ముద్దాయి పొలంలో దిగనక్కర్లేని మనిషే ముద్దాయిని బోనులో చూపించగలడు.

ప్రతీకారం జరగలేదా? జరిగింది. కారంచేడు ప్రధాన నిందితుడిగా పేరొచ్చిన భూస్వామిని 1989లో నక్సలైట్లు చంపారు. సినిమా అయితే అక్కడ తెర పడేది. కానీ ఆ చావుతో కేసు ముగిసిపోలేదు, బాధితులూ దాన్ని వదిలిపెట్టలేదు. కింది కోర్టు వేసిన శిక్షల్ని హైకోర్టు 1998లో కొట్టేసింది. సుప్రీంకోర్టు 2008 డిసెంబరులో ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు వేసింది. అప్పటికి ఘటన జరిగి 23 ఏళ్లు. ఒక తూటా పని క్షణంలో అయిపోయింది. ‘ఇది నేరం’ అని ప్రభుత్వం చేత అనిపించడానికి ఒక తరం పట్టింది. ఆ మాట తూటా అనిపించలేదు.

ఈలోగా చట్టమే మారింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చి 1990 జనవరి 30 నుంచి అమలైంది. దాని వెనక కారంచేడు వంటి ఘటనల ఒత్తిడి ఉంది. చుండూరు దళితులు ఇంకో అడుగు వేసి, కోర్టు మా ఊరికే రావాలన్నారు. ఈ పోరాటంలో 1991 సెప్టెంబరులో పోలీసు కాల్పులకు ఒక యువకుడు బలయ్యాడు. అయినా పట్టు వదల్లేదు. చివరికి ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. కూలి పోగొట్టుకుని బస్సెక్కి పోవాల్సిన సాక్షులు తమ ఊళ్లోనే నిలబడి మాట్లాడారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది.

2014 ఏప్రిల్‌లో హైకోర్టు వాళ్లందర్నీ విడుదల చేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ఇవాళ కారంచేడు, చుండూరు రెండూ 2022లో ఏర్పడ్డ బాపట్ల జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారింది గానీ పొలం ఎవరిది, కూలి ఎవరిది అన్న లెక్క మారలేదు.

కాబట్టి చట్టం విఫలమైతే ఏం చెయ్యాలన్న ప్రశ్నకు ఈ మైదానాల దళితులిచ్చిన జవాబు సినిమా జవాబు కాదు. వాళ్లు చట్టాన్ని నమ్మి ఊరుకోలేదు, అలాగని వదిలెయ్యనూ లేదు. దాని మెడలు వంచి గూడెం దాకా లాక్కొచ్చారు. ఓడినప్పుడల్లా మళ్లీ లాగారు. తీర్పు ఎవరి పక్షాన వచ్చిందన్నదొక్కటే లెక్కబెడితే ఈ చరిత్ర ఓటమిలాగే ఉంటుంది. బిందె ఎత్తిన చెయ్యి, సాక్ష్యం చెప్పిన నోరు కూడా లెక్కలోకి తీసుకోవాలని మా వాదన.