విండోస్ 11కి మారుతున్నారా? అను ఫాంట్లలో ఉన్న పాత తెలుగు ఫైళ్లు జాగ్రత్త

సికింద్రాబాద్: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్నవాళ్లకి అదనపు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉన్నా, ఇళ్లలో, డీటీపీ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో ఇప్పుడో రేపో విండోస్ 11కి మారక తప్పదు. పార్క్ లేన్‌లో సీటీసీగా అందరికీ తెలిసిన చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్తే కొత్త విండోస్ వేయించుకోవడం పెద్ద పనేం కాదు. "డేటా అంతా కాపీ చేసేశాం" అన్న మాట వినగానే మనకీ ధీమా వచ్చేస్తుంది. కానీ పాత తెలుగు ఫైళ్ల విషయంలో కాపీ అవడం వేరు, చదవగలగడం వేరు.

ఫైలు ఉంది, తెలుగు ఏది?

యూనికోడ్ వాడకం పెరగకముందు శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, సంఘాల సావనీర్లు, కవితా సంపుటాలు ఎక్కువగా పేజ్‌మేకర్‌లో, అను లాంటి ఫాంట్లతో తయారయ్యేవి. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాల సొంత వరస ఉంది. ఆ పాత ఫాంట్లకి అది లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన స్థానాల్లోనే తలకట్లు, గుడులు, వత్తులు అమర్చారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిష్ గజిబిజే. ఫాంట్ ఉన్నప్పుడే అది మనకి తెలుగులా కనిపిస్తుంది.

అందుకే ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేశాక ఫైలు తెరిస్తే ఏవో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వైరస్ వచ్చిందనో, ఫైలు పాడైందనో అనుకుని డిలీట్ చేయొద్దు. ఫైలు బాగానే ఉంటుంది, ఫాంటే పోయి ఉంటుంది. బ్యాకప్‌లో డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ కాపీ చేస్తారు గానీ, సి డ్రైవ్‌లో విండోస్ లోపల ఉన్న ఫాంట్స్ ఫోల్డర్ ఎవరికీ గుర్తుండదు.

సాఫ్ట్‌వేర్‌తోనూ చిక్కే

పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. కొత్త విండోస్ మీద అది సరిగ్గా పనిచేస్తుందన్న భరోసా లేదు. విండోస్ 11 కేవలం 64 బిట్‌లోనే వస్తుంది. కాబట్టి పాతకాలం 16 బిట్ ప్రోగ్రాములు దాని మీద నేరుగా నడవవు. డాస్‌లో రాసుకున్న షాపు లెక్కలు, పాత సభ్యుల జాబితాలు ఉంటే అవీ ఇదే కోవలోకి వస్తాయి. కొన్ని భారతీయ భాషల సాఫ్ట్‌వేర్‌లకి డాంగిల్ తగిలించాలి. అది ప్రింటర్ పోర్టుకి పెట్టే రకమైతే కొత్త కంప్యూటర్‌లో ఆ పోర్టే ఉండదు.

పాత కంప్యూటర్ ఆన్ అవుతుండగానే చేయాల్సినవి

1. ముందు ఏ ఫైళ్లు ఉన్నాయో జాబితా రాసుకోండి. ఒక్కో ఫైలు ఏ సాఫ్ట్‌వేర్‌లో, ఏ ఫాంట్‌తో చేశారో పక్కనే రాయండి.

2. ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం వేరే డిస్క్‌లోకి తీయండి. అను, పేజ్‌మేకర్ సీడీలు, సీరియల్ నంబర్లు, డాంగిల్ ఉంటే ఒకేచోట దాచండి.

3. ముఖ్యమైన ప్రతి ఫైలుకీ పీడీఎఫ్ తీయండి. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లోని ఫాంట్స్ భాగంలో ఫాంట్ పేరు పక్కన 'ఎంబెడెడ్' అని ఉందో లేదో చూడండి. ఉంటే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లోనూ తెలుగు కనిపిస్తుంది. అయితే ఇది చదువుకోవడానికీ, ప్రింట్‌కీ పనికొస్తుంది గానీ, అందులోంచి కాపీ చేస్తే మళ్లీ గజిబిజే వస్తుంది.

4. మళ్లీ మార్చుకోవాల్సిన, వెతుక్కోవాల్సిన వాటిని యూనికోడ్‌లోకి మార్చండి. ఇందుకు కన్వర్టర్లు ఉన్నాయి. కానీ మార్చాక అసలు ప్రతి పక్కన పెట్టుకుని చదవాల్సిందే. వత్తులు తారుమారు కావచ్చు. మధ్యలో ఇంగ్లిష్ పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే వాటినీ తెలుగు అనుకుని కన్వర్టర్ మార్చేసే ప్రమాదం ఉంది.

5. పేజ్‌మేకర్ నడవకపోతే ఇన్‌డిజైన్ సీఎస్6 ఉన్నవాళ్లని అడగండి. పేజ్‌మేకర్ 6.0 నుంచి 7 దాకా ఫైళ్లని అది తెరుస్తుంది. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ డ్రా కూడా ఈ ఫైళ్లని తెరవగలదు. పేజీ అమరిక కొంత చెదరొచ్చు. రెండింటికీ ఆ ఫాంట్ మాత్రం ఉండాల్సిందే.

6. ఫైళ్లు చాలా ఉంటే వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, కొత్త కంప్యూటర్ లోపలే పాత విండోస్ నడుపుకోవచ్చు. ఆ పాత విండోస్‌కి లైసెన్స్ మీ దగ్గర ఉండాలి, దానికి ఇంటర్నెట్ ఇవ్వకూడదు. డాస్ ప్రోగ్రాములకి డాస్‌బాక్స్ ఉంది.

ఇప్పటికే మార్చేశారా?

ఫార్మాట్ చేయకుండా అప్‌గ్రేడ్ మాత్రమే చేసి ఉంటే, సెట్టింగ్స్‌లోని రికవరీలోకి వెళ్లి 10 రోజుల లోపు పాత విండోస్‌కి తిరిగి వెళ్లొచ్చు. ఆ గడువు దాటితే పాత విండోస్ ఫైళ్లు వాటంతట అవే తొలగిపోతాయి. కంప్యూటరే కొత్తది కొనుంటే పాత హార్డ్‌డిస్క్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి ఫాంట్లు తీసుకోవచ్చు. కాబట్టి పాత డిస్క్‌ని తొందరపడి ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వొద్దు.

ఫాంట్ ఏదో తెలియకపోతే, గజిబిజిగా ఉన్న ఆ ముక్కని సెలెక్ట్ చేసి ఫాంట్ పేరు దగ్గర చూడండి. ఆ ఫాంట్ కంప్యూటర్‌లో లేకపోయినా వర్డ్ ఫైళ్లలో పేరు అలాగే ఉంటుంది. పాత డీటీపీ సెంటర్‌లో ఆ పేరు చెబితే సగం పని తేలికవుతుంది.

మార్చినదాన్ని సొంత కంప్యూటర్‌లో చూసి సరిపెట్టుకోవద్దు. ఏ తెలుగు ఫాంటూ ప్రత్యేకంగా వేయని మరో కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో తెరిచి చూడండి. అక్కడ తెలుగు కనిపించి, ఒక పదం వెతికితే దొరికిందంటే ఆ ఫైలు యూనికోడ్‌లోకి సరిగ్గా మారినట్టే. అప్పటిదాకా పాత కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయనివ్వకండి.