ఎలుక కోసం కొండ తవ్వినాను



"కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు" అనే సామెతను ముప్పయి యేళ్లకు పైగా పిల్లలకు బోధించినవాడను. బహుశ్రమకు అల్పఫలం దక్కినప్పుడు దీనిని వాడతారని చెప్పి, సొంతవాక్యంలో ప్రయోగించమని పరీక్షలలో అడుగుతూ ఉండేవాణ్ణి. ఉద్యోగవిరమణ అయిన తరువాత ఆ సామెత నాకే వర్తిస్తుందని ఊహించలేదు. మనవడికి ఒక చవకైన మౌసు కొనబోయి, దాని కోసం అరవై యేళ్ల చరిత్రను తవ్వవలసి వచ్చింది. చేతికి దక్కినది ఎలుకే. అయినా దారిలో కనబడిన కొండ కూడా చూడదగినదే అనిపించి ఈ టపా వ్రాస్తున్నాను.

మాది కందకుర్తి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. మా జిల్లాలోని అనేక ఇండ్లవలెనే మా ఇంటి సంపాదన కూడా సముద్రం దాటి వస్తుంది. నా కుమారుడు కువైటులో విద్యుత్తు పని చేస్తున్నాడు. కోడలు, ఏడవ తరగతి చదివే మనవడు నా వద్ద ఉన్నారు. కువైటులో శుక్రవారం సెలవు. ఆ సాయంత్రం తండ్రీకొడుకులిద్దరూ అక్కడొకరు, ఇక్కడొకరు కూర్చుని, ఒకే జట్టులో చేరి కౌంటర్ స్ట్రైక్ ఆట ఆడతారు. ఫోనులోనైతే "తిన్నవా? చదువుతున్నవా?" అన్న రెండు ప్రశ్నలతో వారి సంభాషణ ముగుస్తుంది. ఆటలోనైతే గంటన్నర సేపు ఎడతెగకుండా మాట్లాడుకుంటారు. అందుచేత ఆ ఆటను నేను ఆట అనుకోను, వారి కుటుంబ సమయమనుకుంటాను.

ఒక శుక్రవారం ఆట ముగిసిన తరువాత మనవడు కన్నీళ్లు దిగమింగుతూ నా దగ్గరకు వచ్చినాడు.

"తాతా, గీ మౌసు నా మాట ఇంటలేదు. నేను ఇటు తిప్పితే అటు గుంజుకపోతుంది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు కొడుతుంది. ఎప్పటికీ డాడీ నన్ను కాపాడుడే గని, నేను డాడీని ఒక్కసారి గూడ కాపాడలేకపోతున్న."

మౌసు ఎంత ఉంటుందిరా అని అడిగితే, తన మిత్రుని దగ్గర మూడు వేలది ఉన్నదని చెప్పినాడు. నా లెక్కలో వేయి రూపాయలు దాటడానికి వీలులేదు. ముందు విషయం తెలుసుకుని తరువాత కొందామని వానికి మాట ఇచ్చి, చదవడం మొదలుపెట్టినాను. వ్యుత్పత్తి తెలియనిదే పదాన్ని నమ్మని పండితుల అలవాటు ఎక్కడికి పోతుంది?

మౌసు పుట్టుక 1964 నాటిది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో పనిచేసే డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన చేయగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ దానిని నిర్మించినాడు. అది ఒక కొయ్య డబ్బా. పైన ఒకే ఒక మీట. అడుగున ఒకదానికొకటి లంబంగా అమర్చిన రెండు లోహచక్రాలు. ఒకటి అడ్డపు కదలికను, మరొకటి నిలువు కదలికను కొలుస్తాయి. ఇది అర్థం కావాలంటే మా ఊరికి రావాలి. గోదావరి పడమటి నుండి వస్తుంది, మంజీర దక్షిణం నుండి వస్తుంది. రెండూ కలిసిన తరువాత నీరు పోయే దిక్కు ఆ రెండింటి ఫలితమే. చేయి ఏటవాలుగా కదిలినా, యంత్రం దానిని రెండు పాయలుగా విడదీసి కొలిచి, తెరమీద మళ్లీ సంగమం చేస్తుంది. తీగ తోకవలె ఉండడం చేత దానికి ఎలుక అన్న పేరు వచ్చింది. మొదట ఆ పేరు ఎవరు పెట్టినారో తమలో ఎవరికీ గుర్తులేదని ఎంగెల్‌బార్ట్ చెప్పేవారు.

నన్ను ఎక్కువగా ఆకర్షించిన విషయం వేరు. ఆ పరిశోధకులు తమ ఎలుకను తామే మెచ్చుకుని ఊరుకోలేదు. కాంతిలేఖిని, జాయ్‌స్టిక్, మోకాలితో నడిపే పరికరం మొదలైనవాటితో దానిని పోటీకి నిలబెట్టినారు. తెరమీద ఒక గురిని చూపి, దానిని చేరడానికి ఎంత సమయం పట్టింది, ఎన్ని తప్పులు దొర్లినవి అని కొలిచినారు. 1967లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం, కొత్తవారికి కాంతిలేఖిని, మోకాలి పరికరం త్వరగా పట్టుబడినవి. అలవాటు పడినవారికి మాత్రం మౌసే అన్నింటికంటె వేగం, అన్నింటికంటె తక్కువ తప్పులు. వేగం, గురి. నా మనవడు అడుగుతున్నవి కూడా ఆ రెండే గదా! అనగా మౌసు ఆటకోసం పుట్టకపోయినా, దాని తొలి పరీక్ష మాత్రం ఆటగాడి పరీక్షే.

1968 డిసెంబరు 9న ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని బహిరంగంగా ప్రదర్శించినారు. అంతకు రెండు నెలల ముందే జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థ చక్రాలకు బదులు బంతితో దొర్లే పరికరాన్ని ప్రకటించింది. ఎంగెల్‌బార్ట్‌కు పేటెంటు 1970లో లభించింది, 1987లో దాని గడువు తీరిపోయింది. లోకంలో ఇంటింటికీ మౌసు చేరినా, దాని మీద ఆయనకు రాయల్టీ అన్నది రాలేదు. 2013లో ఆయన కన్నుమూసినారు.

ఇక ధర సంగతి. మనం నకళ్ల దుకాణానికి పేరుగా వాడుకునే జిరాక్సు సంస్థ 1973లో ఆల్టో అనే యంత్రానికి, 1981లో స్టార్ అనే యంత్రానికి మౌసును జతచేసింది. ఆ మౌసు ఒక్కటే సుమారు 300 డాలర్లు అయ్యేదని, పైగా తొందరగా చెడిపోయేదని చెబుతారు. ఆపిల్ సంస్థ స్టీవ్ జాబ్స్ దానిని చూసి, పదిహేను డాలర్ల లోపల తయారయ్యే మౌసు కావాలని రూపకర్తలను కోరినాడు. చంకలలో పూసుకునే సుగంధద్రవ్యపు సీసా మూతిలో దొర్లే బంతి నుండి వారికి ఉపాయం తట్టింది. 1983లో లీసాతో, 1984లో మాకింటాష్‌తో వచ్చిన మౌసులు ఆ కృషి ఫలితాలు. కాబట్టి "అంత ధర పెట్టలేను, అయినా మంచిది కావాలి" అన్న కోరిక కందకుర్తి తాతది మాత్రమే కాదు. మౌసు చరిత్రను మలుపు తిప్పినది ఆ కోరికే.

ఆటలలోకి మౌసు కొంత ఆలస్యంగా ప్రవేశించింది. 1993లో డూమ్ వచ్చినప్పుడు చాలామంది కీలఫలకంతోనే ఆడినారు. 1996లో వచ్చిన క్వేక్ ఆటలో తలెత్తి పైకి, దించి కిందికి చూడవలసి రావడంతో మౌసు అవసరం పెరిగింది. 1997లో క్వేక్ పోటీలో గెలిచిన డెన్నిస్ ఫాంగ్‌కు ఆ ఆట రూపకర్త జాన్ కార్మాక్ తన ఫెరారీ కారునే బహుమానంగా ఇచ్చినాడు. ఎడమచేయి కీలఫలకం మీద, కుడిచేయి మౌసు మీద ఉంచే పద్ధతికి ఆతని ఆట ప్రచారం తెచ్చింది. ఆటగాళ్ల కోసమే చేసిన మౌసు అంటూ రేజర్ సంస్థ బూమ్‌స్లాంగ్‌ను 1999లో అమ్మకానికి తెచ్చింది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ బంతి లేని మౌసును విడుదల చేసింది. అడుగున వెలిగే దీపం, దాని పక్కన చిన్న కెమెరావంటి సంవేదకం. అది సెకనుకు వేయికి పైగా చిత్రాలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, చేయి ఎటు కదిలిందో తేల్చుకుంటుంది.

1999లోనే కౌంటర్ స్ట్రైక్ కూడా పుట్టింది. ఇక్కడ నా కథ ఒకటి చెప్పక తప్పదు.

2004లో నా కుమారుడు బోధనులో ఇంటర్మీడియట్ చదువుతూ ఉండెను. కళాశాల ఎగ్గొట్టి నెట్ సెంటరులో ఆటలాడుతున్నాడని ఎవరో చెబితే వెళ్లినాను. పది కంప్యూటర్లు, పదిమంది పిల్లలు, అన్నీ బంతి మౌసులే. బంతి దొర్లినకొద్దీ బల్లమీది మురికి లోపలి కడ్డీలకు చుట్టుకుంటుంది, బాణం ఆగి ఆగి కదులుతుంది. మా వాడు మౌసును బోర్లించి, బంతి తీసి, గోటితో ఆ మురికి గీకి, మళ్లీ ఆడుతున్నాడు. ఆ ఓపిక వ్యాకరణం మీద చూపరాదా అని ఒళ్లు మండింది. అందరి ముందర చెవి పట్టుకుని లేవదీసినాను, చెంప మీద కొట్టినాను కూడా. వాడు ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేవరకు బస్సులో మేమిద్దరం మాట్లాడుకోలేదు. నిజం చెప్పవలెనంటే, ఆ తరువాత కూడా పెద్దగా మాట్లాడుకోలేదు.

చరిత్ర చదివిన తరువాత పరీక్ష మొదలుపెట్టినాను. ముందు పాత మౌసును విచారించాలనుకున్నాను. మనవడి బల్లకు నున్నని, మెరిసే సన్మైకా. సంవేదకం చిత్రాలను పోల్చి చూస్తుందని చదివినాను గదా! అద్దంవంటి తలం మీద పోల్చడానికి గుర్తులు ఏముంటాయి? మందపాటి గుడ్డను నాలుగు మడతలు వేసి పరిచినాను. గుంజుకపోవడం చాలవరకు తగ్గింది. తరువాత విండోస్‌లో మౌసు అమరికలకు వెళ్లి "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అన్నచోట టిక్కు తీసివేసినాను. అది ఉంటే, చేయి ఒకే దూరం జరిపినా వేగాన్నిబట్టి బాణం వేర్వేరు దూరాలు పోతుంది, చేతికి అలవాటు కుదరదు. ఈ రెండు మార్పులకూ ఖర్చు శూన్యం. మిగిలినది ఒక నొక్కుకు రెండు దెబ్బలు పడే జబ్బు. మీట కింద ఉండే స్విచ్చులో సన్నని లోహపు రేకు బిగువు కోల్పోతే అట్లా జరుగుతుంది. దానికి గుడ్డ మందు కాదు.

నిజామాబాదు వెళ్లినాను. దుకాణంలోని యువకుడు మూడు పెట్టెలు ముందు పెట్టినాడు. మొదటిది రెండువందల యాభై రూపాయల సాదా మౌసు. రెండవది ఐదువందలది. ఏడు రంగుల దీపాలు, పెట్టె మీద పెద్ద అక్షరాలతో 12,800 డీపీఐ. మూడవది ఎనిమిదివందల యాభైది, నల్లగా, అణకువగా ఉన్నది.

"సార్, పిల్లలు దీపాలదే అడుగుతరు," అన్నాడు.

డీపీఐ అనగా ఒక అంగుళం జరిపితే మౌసు ఎన్ని అడుగులు లెక్కిస్తుందో ఆ సంఖ్య. ఆటకు 800 మొదలు 1600 వరకు చాలు. ఇరవై యేళ్ల క్రితం పేరుమోసిన ఆటగాళ్లలో అనేకులు 400తోనే ఆడినారు. చవక మౌసులలో కనబడే పెద్ద అంకెలలో చాలా భాగం సంవేదకం చూసినది కాదు, చూసినదానిని లోపల హెచ్చవేసి చూపినది. తెలిసిన రెండు వాక్యాలనే తిప్పి తిప్పి వ్రాసి అదనపు కాగితాలు అడిగే విద్యార్థులను నేను చాలామందిని చూసినాను. కాబట్టి అంకెను వదిలి, సంవేదకం పేరు పెట్టె మీద ఉన్నదా అని చూసినాను. మూడవదాని మీద ఉన్నది. సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటరుకు కబురు పంపుతుందో అదీ ఉన్నది. సాదా మౌసులు సాధారణంగా 125 సార్లు, అనగా ఎనిమిది మిల్లీసెకన్లకు ఒకసారి పంపుతాయి. ఇది 1000 సార్లు పంపుతుంది. తీగ ఉన్నది. ఈ ధరలో తీగలేనిదానిని నమ్మడం కంటె తోక ఉన్న ఎలుకే మేలు. పరిమాణం పన్నెండేళ్ల పిల్లవాని అరచేతికి సరిపోతుంది. రెండేళ్ల హామీ కూడా ఉన్నది.

చివరి పరీక్ష నాది. ఆ యువకుణ్ణి ఒప్పించి, రెండవదానిని, మూడవదానిని వంతులవారీగా తగిలించి, పెయింట్ తెరిచి "శ్రీ" అని వ్రాసినాను. ముందు నిదానంగా, తరువాత వేగంగా. రెండవదానితో వేగంగా వ్రాస్తే గుడి విరిగి గీతలయింది. మూడవదానితో గుడి గుడిగానే నిలిచింది. ఆ యువకుడు నవ్వి, "సార్, గిట్ల పరీక్ష చేసినోళ్లను ఇప్పటిదాకా చూడలే," అన్నాడు. ఎనిమిదివందల యాభై ఇచ్చి, మరొక నూటయాభైతో గుడ్డ పరుపు కూడా తీసుకున్నాను. సరిగ్గా వేయి.

తరువాతి శుక్రవారం ఆట మొదలుకాకముందు కువైటు నుండి నా కుమారుడు నాతో మాట్లాడినాడు. నేను చేసిన పరీక్షలన్నీ మనవడు పూసగుచ్చినట్లు చెప్పి ఉన్నాడు. వాడు చాలాసేపు నవ్వినాడు. ఇన్నేళ్లుగా గొంతులో ఉన్న మాట నేను అప్పుడు అనగలిగినాను: "ఆనాడు బోధన్ల అందరి ముందర కొట్టవలసింది కాదు బిడ్డా."

కాసేపు నిశ్శబ్దం.

"ఆ పొద్దు నేను గెలుస్తుంటి బాపూ," అన్నాడు. "ఇంకొక్క నిమిషం ఆగితే అయిపోతుండె."

ఇద్దరమూ నవ్వుకున్నాము. ఆ సాయంత్రం నేను మనవడి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెరమీద ఎవరు ఎవరో నాకు తెలియలేదు. ఒక దశలో మాత్రం వాడు మౌసును చటుక్కున పక్కకు తిప్పి ఒకే ఒక్కసారి నొక్కినాడు. చెవిపెట్టెలో నుండి నా కుమారుని గొంతు నాకు కూడా వినబడింది: "శభాష్ బిడ్డా, బతికిచ్చినవ్!"

కొండ తవ్వి ఎలుకను పట్టడం వృథాశ్రమ అని ఇన్నేళ్లు పిల్లలకు చెప్పినాను. ఆ సామెతకు ఇచ్చిన అర్థాన్ని కొంత సవరించుకోవలసి ఉన్నది.

ఈ విషయంలో నాకంటె ఎక్కువ తెలిసినవారు మీలో చాలామంది ఉంటారు. దోషాలుంటే సవరించగలరు.

స్వస్తి.