గోదావరి బురదలో వానల చరిత్ర

మన చరిత్ర గ్రంథాలలో రాజుల యుద్ధాలకు తేదీలు దొరుకుతాయి. ఎవరు ఏ కోటను ముట్టడించారో, ఎవరికి ఎన్ని అగ్రహారాలు ధారపోశారో శాసనాలు చెబుతాయి. ఆ రాజుకు పన్ను కట్టిన రైతు పొలంలో ఆ ఏడు వాన పడిందా అంటే మాత్రం చాలా శాసనాలు మౌనం వహిస్తాయి. ఉత్పత్తి సాధనాలలో, ఉత్పత్తి సంబంధాలలో వచ్చిన మార్పుల క్రమమే చరిత్ర అని కోశాంబీ 1956లో నిర్వచించాడు. ఆ నిర్వచనాన్ని అంగీకరించిన మనం, వర్షాధారమైన దేశంలో వాన సంగతి వదిలిపెట్టి ఉత్పత్తి చరిత్ర ఎట్లా వ్రాయగలం?

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించి, కావ్యాల నుండి జనజీవితాన్ని వెలికితీయవచ్చునని నిరూపించారు. అయితే కావ్యాలకు ముందటి వేల సంవత్సరాల సంగతేమిటి? ఆ కాలానికి సాక్ష్యం ఇప్పుడు సముద్రగర్భంలోని బురదలో దొరుకుతున్నది. ఆ సాక్ష్యం చెట్ల ఆకుల మీది మైనం.

తామరాకు మీది నీటిబొట్టును మన కవులు వైరాగ్యానికి ఉపమానంగా వాడుకున్నారు. ఆ బొట్టు ఆకుకు అంటకుండా జారిపోవడానికి కారణం ఆకు మీది సన్నని మైనపు పొర. తామరకే కాదు, నేలమీది మొక్కలన్నిటికీ కొద్దిగానో గొప్పగానో ఈ పొర ఉంటుంది. అది ఆకులోని తడిని ఎండకు ఆవిరి కాకుండా కాపాడుతుంది. ఆకు కుళ్ళినా మైనం తొందరగా నశించదు. గాలి దాన్ని రాల్చుతుంది, వాన కడుగుతుంది, ఏరు మోసుకుపోతుంది. చివరకు ఒండ్రుతోపాటు సముద్రం అడుగున పొరమీద పొరగా పేరుకుంటుంది. ఈ మైనాల రసాయన నిర్మాణాన్ని ఎగ్లింటన్, హామిల్టన్ అనే శాస్త్రజ్ఞులు 1967లో సమీక్షించి లోకానికి తెలియజెప్పారు.

ఇక మైనం వాన సంగతి ఎట్లా చెబుతుంది? ప్రకృతిలోని కార్బన్‌లో నూటికి సుమారు ఒక పాలు కాస్త బరువైన కార్బన్-13. చెట్లు, పొదలు, వరి వంటి మొక్కలు గాలినుండి కార్బన్ గ్రహించేటప్పుడు ఈ బరువైన దాన్ని ఎక్కువగా వదిలివేస్తాయి. వేడికి, వర్షాభావానికి ఓర్చుకునే గడ్డిజాతులలో అనేకం, అనగా జొన్న, సజ్జ, కొర్ర వంటివి, వేరొక మార్గాన ఆహారం తయారు చేసుకుంటాయి. ఈ మార్గాన్ని హాచ్, స్లాక్ 1966లో వివరించారు. వీటి మైనంలో కార్బన్-13 పాలు హెచ్చు. కాబట్టి బురదలోని మైనంలో ఆ పాలు పెరిగితే అడవి పలచబడి మెట్టగడ్డి విస్తరించిందని ఊహించవచ్చు. మైనంలోని బరువైన హైడ్రోజన్ మరొక సాక్షి. అది మొక్క తాగిన నీటినుండి, అంటే వాననీటినుండి వచ్చింది. ఉష్ణమండలంలో వానలు దండిగా కురిసినప్పుడు ఆ నీటిలో బరువైన హైడ్రోజన్ సాధారణంగా తగ్గుతుంది.

2006లో భారత ప్రభుత్వం సముద్రగర్భంలోని ఇంధన వాయు నిక్షేపాలను అన్వేషించడానికి జాయిడిస్ రిజల్యూషన్ అనే ఓడను నియోగించింది. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా బంగాళాఖాతంలో ఆ ఓడ తీసిన బురద స్తంభాలలో ఒకటి చరిత్రకు పనికివచ్చింది. త్ర్యంబకంనుండి అంతర్వేదిదాకా 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన నేలను కడిగి తెచ్చి అక్కడ పోసింది. అందుచేత ఆ బురద ఒక్క ఊరి కథ కాదు, ప్రాణహిత, ఇంద్రావతి, మంజీర, శబరి నదులు పారే నేలలన్నిటి ఉమ్మడి కథ.

పాంటన్, జోసాన్ మొదలైనవారు 2012లో ప్రకటించిన ఫలితాల సారాంశం ఇది. సుమారు 4,000 సంవత్సరాల క్రితం నుండి 1,700 సంవత్సరాల క్రితం వరకు, ఈ నేలమీద వర్షాభావానికి ఓర్చే మొక్కలు క్రమంగా పెరిగాయి. ఆ తరువాత అవే నిలిచిపోయాయి. సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలు మరొక సంగతి చెప్పాయి: గడచిన మూడువేల ఏండ్లలో, అందులోను చివరి 1,700 ఏండ్లలో, బంగాళాఖాతం ఉప్పుదనం మాటిమాటికీ పెరిగింది. అంటే నదులు తెచ్చే మంచినీరు అప్పుడప్పుడు బాగా తగ్గిందన్నమాట.

సాహిత్య విద్యార్థిగా నాకు ఇక్కడ తాళపత్ర ప్రతులు గుర్తుకు వస్తాయి. ప్రతి దొరకగానే దాన్ని నమ్మం. లేఖకుని చేయి ఎక్కడ పడింది, ప్రక్షిప్తాలు ఏవి అని విచారిస్తాం. ఈ బురదప్రతిలోనూ ప్రక్షిప్తాలు ఉన్నాయి. మైనం నేరుగా సముద్రం చేరదు, కొంత శతాబ్దాల తరబడి నేలలో నిలిచి, ఆ నేల కోసుకుపోయినప్పుడు పాతదీ కొత్తదీ కలిసి వస్తుంది. మనిషి అడవి కొట్టి జొన్న వేసినా, వానలు తగ్గి గడ్డి మొలిచినా, కార్బన్-13 ఒకే విధంగా పెరుగుతుంది. అనగా వానను కొలిచే ఈ త్రాసులో రైతు నాగలి కూడా తూగుతున్నది. ఇదే బురదను పరిశీలించి 2017లో జోసాన్ బృందం చెప్పింది గమనించదగినది: వానలు తగ్గి పచ్చదనం పలచబడడంతో నేలకోత పెరిగింది, దక్కను పీఠభూమిపై వ్యవసాయం విస్తరించడంతో అది మరింత ఉధృతమయింది. ప్రకృతి చరిత్ర ఎక్కడ ముగిసి మానవ చరిత్ర ఎక్కడ మొదలయిందో ఆ బురద వేరుచేసి చూపదు.

ఇక్కడే మనం ఒక అపమార్గాన్ని ఎదుర్కోవాలి. వాన తగ్గింది కనుక నాగరికత కూలింది అని తేల్చేసే పండితులు ఉన్నారు. 4,000 ఏండ్ల క్రితం తరువాతి శుష్కకాలంలో సింధులోయ నగరాలు క్షీణించిన మాట నిజమే. కాని అదే శుష్కకాలంలో మధ్య, దక్షిణ భారతాలలో స్థిర వ్యవసాయం వేరూనింది. గోదావరికి దక్షిణాన, పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో ఆల్చిన్ 1957లో త్రవ్విన బూడిద దిబ్బ అంతకుముందే అక్కడ పశుపాలకులు మందలు కట్టి జీవించారని చూపింది. వారివంటి జనం తరువాత చిరుధాన్యాలను, ఉలవలను ఆశ్రయించి మెట్టనేలను సాగులోకి తెచ్చారు. ఎండిన కాలం ఒకచోట నగరాన్ని ఖాళీ చేయించి, మరొకచోట పల్లెను నిలబెట్టిందంటే, నిర్ణయించినది వాన ఒక్కటే కాదని స్పష్టం.

వాన నమ్మరానిదైనప్పుడు మన జనం ఇచ్చిన గొప్ప జవాబు చెరువు. 1,700 ఏండ్లుగా వానలు ఒడిదుడుకులకు లోనుకావడమే దక్షిణాదిన నీటిని నిలవచేసే నిర్మాణాలు వ్యాపించడానికి కారణం కావచ్చునని 2012 పరిశోధకులు సూచించారు. కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువులు ఈ దృష్టితో చూస్తే రాజుల దానశీలానికి గుర్తులుగా మాత్రమే కనిపించవు. పెన్న పరీవాహకంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) ఈ విషయంలో అపూర్వమైనది. రెండేళ్లపాటు వేయిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని అది నమోదు చేసింది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను కూడా లెక్కించింది. వాటిలో మొదటిది ధర్మాత్ముడైన రాజు, రెండవది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. కట్ట కట్టే పనివాళ్లు చిట్టచివరి అంగం! వాన తక్కువైన దేశంలో నీటిని కూడబెట్టినది ఎవరి చెమటో, ఆ నీటిపై పెత్తనం ఎవరిదో ఈ వరుసక్రమమే చెబుతున్నది.

కరువు సంగతీ అంతే. 1876-78లో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలలో వానలు తప్పడం ప్రకృతి చేసిన పని. 1877లో కరువు పనులకు వచ్చిన మగకూలీకి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ నిర్ణయించడం ప్రకృతి చేసిన పని కాదు. దేశం నుండి ధాన్యం ఓడలకెక్కి పోవడమూ ప్రకృతి చేసిన పని కాదు. మైనం మొదటిదానికి సాక్ష్యం చెప్పగలదు, రెండవదానికి చెప్పలేదు. దానికి రెవిన్యూ కాగితాలు, జనం నోటి పాటలు కావాలి.

కాబట్టి ఈ కొత్త ఆధారాన్ని విజ్ఞానశాస్త్ర శాఖలకు వదిలిపెట్టి చేతులు దులుపుకోవడం చరిత్ర, సాహిత్య అధ్యాపకులకు తగదు. దాన్ని శాసనం పక్కన, కావ్యం పక్కన, రైతు సామెత పక్కన పెట్టి చదవడం మన విద్యార్థులకు నేర్పాలి. వాతావరణ మార్పు పేరుతో ప్రతి కరువునూ ఆకాశం మీదికి నెట్టివేసే వాదం బలపడుతున్న రోజులివి. ఎంత వాన పడిందో బురద చెప్పనీ. పడిన వాన ఎవరి పొలానికి చేరిందో అడగవలసినది మనమే.