మౌనియు, ఊరును : మైలాపూరు నుండి అరుణాచలము వరకు

దేవాలయములు గల ఊరికి ఒక క్రొత్తవాడు వచ్చును. పేరు చెప్పడు, అడిగినను పలుకడు. కొందరు పిచ్చివాడందురు, కొందరు సిద్ధుడందురు. నవలాకారులకు ఇట్టి వస్తువు మిక్కిలి ప్రియమైనది. మదరాసులో జన్మించిన ఆర్. కె. నారాయణ్ 1958లో ప్రకటించిన ‘గైడ్’ నవలలో, చెరసాల వెడలి నదీతీరమందలి పాతగుడిలో కూర్చున్న రాజును పల్లెవారు స్వామిగా భావింతురు. ఆ నమ్మకమే తుదకు వానిచేత ఉపవాసము చేయించును. పాత్ర నోరు విప్పకున్నను వాని మనస్సు నవలాకారునకు తెలియును. చరిత్ర వ్రాయువానికి ఆ సౌకర్యము లేదు. మౌని తన చేతితో వ్రాసినదేది, ఊరివారు ఊహించినదేది అని అతడు వేరుచేయక తప్పదు. ఈ దృష్టితో రెండు ఉదాహరణములను పరిశీలింతము.

మొదటిది మన మైలాపూరుదే. పంగుని ఉత్సవములలో కపాలీశ్వరుని మాడవీథులలో అరువదిమువ్వురు నాయనార్ల విగ్రహములు ఊరేగుట మనమందరము చూచుచున్నదే. వారిలో వాయిలార్ నాయనారు ఈ ఊరివాడు. ‘వాయ్’ అనగా నోరు, ‘ఇలార్’ అనగా లేనివారు అని ఆ పేరును విడదీసి చెప్పుట కలదు. మనస్సునే ఆలయముగా చేసికొని, జ్ఞానమును దీపముగా, ఆనందమును అభిషేకజలముగా, ప్రేమను నైవేద్యముగా సమర్పించి ఆయన శివుని కొలిచెనని పండ్రెండవ శతాబ్దమున శేక్కిళారు పెరియపురాణములో కొలది పద్యములలో చెప్పెను. కథలో ఘట్టములు లేవు, సంవాదములు లేవు. మౌని జీవితమునకు కవి సంఘటనలను అతికింపలేదు. ఆ సంయమము గమనింపదగినది.

రెండవది తిరువణ్ణామలై. 1896 సెప్టెంబరు 1వ తేదీన పదునారేండ్ల బాలుడొకడు ఇల్లు విడిచి ఆ ఊరు చేరెను. దేవాలయమున పాతాళలింగముకడ కూర్చున్న అతనిపై అల్లరిపిల్లలు రాళ్లు రువ్విరి. భక్తులు ‘బ్రాహ్మణస్వామి’ అనిరి. మౌనవ్రతము పట్టెనని ఊరు నమ్మెను. తాను ఏ వ్రతమును పూనలేదనియు, మాటాడవలెనను కోరికయే కలుగలేదనియు ఆయన తరువాతికాలమున చెప్పెను. ఊరి ఊహకును యథార్థమునకును గల అంతరము ఇచటనే తెలియుచున్నది.

ఆయన గురుమూర్తములో నున్నపుడు తాలూకా కచేరి ఉద్యోగి యొకడు, పేరు చెప్పినగాని కదలనని పట్టుపట్టెను. బాలుడు ‘వేంకటరామన్, తిరుచ్చుళి’ అని ఆంగ్లములో వ్రాసెను. ఆ ఊరు ఎచటిదో ఉద్యోగికి తెలియలేదు. అంతట బాలుడు పెరియపురాణమును తీసి, అందు ఆ క్షేత్రము పేరున్న చోటు చూపెను. మైలాపూరు మౌని కథ గల గ్రంథమే అరుణాచల మౌనికి చిరునామా యయ్యెను! 1898లో తల్లి అళగమ్మ వచ్చి ఇంటికి రమ్మని విలపింపగా, ఆయన బదులు కాగితముపై వ్రాసి యిచ్చెను. 1902లో శివప్రకాశం పిళ్లై అడిగిన ప్రశ్నలకును సంజ్ఞలతోను వ్రాతతోను సమాధానము లిచ్చెను. చరిత్రకు నిలుచు ఆధారములు ఇట్టివి.

ఇందు తెలుగువాని పాత్ర స్మరణీయము. బొబ్బిలి సమీపమున కలువరాయిలో 1878లో జన్మించిన కావ్యకంఠ గణపతిశాస్త్రి వేలూరులో ఉపాధ్యాయుడుగా నుండి, ఆ పని విడిచి తిరువణ్ణామలై చేరెను. 1907 నవంబరు 18న విరూపాక్షగుహ కేగి, తపస్సనగా నేమో తెలుపుమని ప్రార్థించెను. కొంతసేపు చూపే బదులయ్యెను. పిమ్మట మాట వెలువడెను. ఆ మాట విన్న మీదటనే గణపతిముని ఆయనకు ‘భగవాన్ రమణ మహర్షి’ అని పేరిడెను. ఊరు అడుగకయే పేరు పెట్టెను. ఈ పండితుడు అడిగి, వేచి, విని పేరు పెట్టెను. ఆ మహర్షియే 1947లో సూరి నాగమ్మగారి కోరికపై ‘ఏకాత్మపంచకము’ను మొదట తెలుగులో రచించుట మనకు సంతోషకరము.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది గ్రంథము కాదు, తరగతిగది. కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాలలో క్రొత్తగా చేరిన బాలిక యొకతె నెలరోజులు నోరు విప్పలేదు. మందమతియని నేను తలచితిని. తోటి పిల్లలు పొగరన్నారు. ఒకనాడు ఆమె పలకపై తన పేరును ముందు తమిళమున, దానిక్రింద తెలుగున వ్రాసి, ఏది సరియని కన్నులతోనే అడిగెను. ఇంట తెలుగు, వీథిలో తమిళము. ఏ మాట ఎచట పలుకవలెనో తెలియక ఆమె ఊరకుండెను. తప్పు ఆమె మౌనములో లేదు, నా తొందరలో నున్నది.

పరభాషాప్రాంతమున మన పిల్లలు పలుమారు ఇట్లే ఊరకుందురు. వారికి పేరు పెట్టుటకు ముందు ఒక పలకను చేతికిచ్చి కొంతసేపు వేచియుండుట మన విధి.