ఒకే కాడి, రెండెడ్లు

శ్రావణ బహుళ అమావాస్యనాడు ఆదిలాబాదు పల్లెలలో ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులద్ది, మెడకు గంటలు కట్టి, హనుమంతుని గుడి చుట్టు త్రిప్పెడు పొలాల పండుగను చూచినవారికి, ఆనాడు జోడులోని రెండెడ్లకును సమానముగా బొట్టు పెట్టి సమానముగా భక్ష్యములు తినిపించిన రైతు, మరునాడు నాగలి కట్టునపుడు మాత్రము ఆ సమానతను పాటింపడన్న సంగతి సాధారణముగా తట్టదు. కాడికి నడుమ నాగటి పొడవు కొయ్యను కట్టు చోటొకటి కలదు. ఎలపటిది ముదురు ఎద్దు, దాపటిది లేత కోడె అయినచో, రైతు ఆ కట్టును రెండు వ్రేళ్ల మేర ఎలపటి వైపునకు జరుపును. అంతటితో బరువులో హెచ్చుపాలు ముదురుదాని మెడమీద పడి, కోడె తేలికగా నడచును. ఇది పక్షపాతమే. కాని చేను గట్టుననున్న వారందరి కన్నులయెదుటనే జరుగును, కోడె బలిసిననాడు కట్టు మరల నడిమికే వచ్చును.

మోటారు పందెములలో ఒక జట్టు తన ఇద్దరు డ్రైవర్లలో ఒకరిని ముందునకు త్రోసి రెండవవానిని వెనుకకు లాగవచ్చునా అను వివాదము విన్నప్పుడెల్ల నాకీ కాడియే గుర్తునకు వచ్చును. ఆ వివాదము ఐరోపావారి సొత్తని మనము అనుకొనుచుండగా, అది 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగరు గట్టునకే వచ్చినది. పెట్రోలు వాసన లేని, విద్యుత్తుతో నడచు కార్ల ఫార్ములా-ఇ పందెము భారతదేశమున జరుగుట అదే ప్రథమము. దానిని రప్పించుటలో ముందు నిలిచిన నాటి పురపాలక మంత్రి కె. తారక రామారావు మా ఉమ్మడి కరీంనగరు జిల్లాలోని సిరిసిల్లకు శాసనసభ్యులు. లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గము, అప్పటికింకను ప్రారంభము కాని నూతన సచివాలయము, వీనిని చుట్టి 2.835 కిలోమీటర్ల త్రోవ; పదకొండు జట్లు, జట్టుకు రెండేసి కార్లు.

అందులో జాగ్వార్ టీసీఎస్ రేసింగ్ అనునది పేరుకు ఆంగ్లేయ జట్టైనను టాటావారి యాజమాన్యమందలి సంస్థకు చెందినది గనుక, గ్యాలరీలలోని మనవారికి సగము సొంతజట్టే. దాని డ్రైవరు, న్యూజిలాండు యువకుడు మిచ్ ఎవాన్స్, నాటి ఉదయమే తొలి వరుసలో తొలి స్థానము గెలిచినాడు. పందెము మొదలై మూడవవంతు గడచెనో లేదో, మూడవ మలుపువద్ద, వెండ్రుకపిన్నువలె వెనుకకు మడతవడిన ఆ ఇరుకు త్రోవలో, లోపలివైపునుండి దూసుకొనివచ్చిన కారొకటి వేళకు నిలువలేక జారి ఎవాన్స్ కారును ఢీకొన్నది. ఆ కారు పరజట్టుది కాదు. ఎవాన్స్ సహచరుడు శాం బర్డ్‌ది. రెండు జాగ్వార్లును పందెమునుండి నిష్క్రమించినవి. ఫ్రెంచివాడు జాన్ ఎరిక్ వెర్న్ మొదటివాడుగను, ఎన్‌విజన్ జట్టు డ్రైవరు నిక్ కాసిడీ రెండవవాడుగను గీత దాటినారు.

ఆ యేటి తుదిలెక్క చూడుడు: జట్ల పట్టికలో ఎన్‌విజన్‌కు 304, జాగ్వార్‌కు 292. తేడా పన్నెండు పాయింట్లు, అనగా ఒక్క నాలుగవ స్థానమునకు లభించునంత. పైగా ఎన్‌విజన్ కార్లలో తిరిగిన మోటార్లు జాగ్వార్‌వారు సరఫరా చేసినవే! ఏడాది పొడుగున పోయిన పాయింట్లెన్నో యుండగా హైదరాబాదు మలుపొక్కటే కిరీటమును పోగొట్టినదనుట న్యాయము కాదు. బర్డ్ బుద్ధిపూర్వకముగా చేసినాడనుట అంతకన్నను అన్యాయము. అయినను, ముందున్నవాడు మనవాడే, నేడు వానితో పోరవలదని ఉదయముననే తెలిసినవాడు బ్రేకును అంత ఆలస్యముగా త్రొక్కడని నా నమ్మకము.

ఒకరిని ముందునకు పంపుటలో పరువునకు లోపము లేదనుటకు ప్రాచీన సాక్ష్యమొకటి కలదు. 1956 సెప్టెంబరు 2న ఇటలీలోని మోంజాలో జరిగిన ఫార్ములా-1 పందెమున, ఫెరారీ జట్టు పెద్ద దిక్కు ఫాంజియో కారు స్టీరింగు చెడి నిలిచిపోయినది. నాటి నియమముల ప్రకారము ఒక డ్రైవరు తన కారును పందెము నడుమ వేరొకనికి ఈయవచ్చును. సహచరుడు మూస్సో పిట్టులోనికి, అనగా కార్లను సరిచేయు చోటికి, వచ్చి కూడ దిగలేదు, కారీయలేదు. మరికొంతసేపటికి పీటర్ కాలిన్స్ వచ్చినాడు. అతనికి ఇరువదినాలుగేండ్లు, ఆ పందెము గెలిచి కొన్ని కలిసివచ్చినచో ప్రపంచ విజేత కాదగిన స్థితిలో నున్నవాడు. అట్టివాడు తనంతట తాను దిగి, నలువదియైదేండ్ల ఫాంజియోను తన సీటులో కూర్చుండబెట్టినాడు. ఫాంజియో రెండవ స్థానము సాధించి నాలుగవసారి ప్రపంచ విజేత యైనాడు. తనకింకను వయసున్నదని కాలిన్స్ భావించినాడట. రెండేండ్లు తిరుగకముందే, 1958 ఆగస్టు 3న, జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగులో ప్రమాదమునకు గురియై మరణించినాడు. ఆ కిరీటము అతనికి ఎన్నడును దక్కలేదు.

కాలిన్స్ ఇచ్చినది దానము. 2002 మే 12న ఆస్ట్రియాలో రూబెన్స్ బారికెల్లో చేత ఇప్పించినది దానము కాదు. దాదాపు మొదటినుండి తుదివరకు ముందున్నవాడు, ఫెరారీ ఆజ్ఞకు తలయొగ్గి, గమ్యరేఖ కొన్ని గజముల దూరముండగా వేగము తగ్గించి మైకేల్ షూమాకర్‌ను ముందునకు వదలినాడు. టిక్కెట్లు కొని వచ్చిన జనము ఈలలతో, కేకలతో నిరసించినది. సిగ్గుపడిన షూమాకర్ బహుమతి వేదికమీద పై మెట్టు బారికెల్లోకిచ్చినాడు. ఆ వేదికమీది మర్యాదోల్లంఘనకు జట్టునకును డ్రైవర్లకును పది లక్షల డాలర్ల జరిమానా పడినది. అసలు ఆజ్ఞకు మాత్రము శిక్ష లేదు, దానిని నిషేధించు నియమము నాటికి లేదు గనుక! అవసరమైనను ఉన్నదా? ఆ యేడు షూమాకర్‌కు 144 పాయింట్లు, రెండవవాడైన బారికెల్లోకు 77. అర్జునుని మించిన విలుకాడుండడని ద్రోణుడు మాట ఇచ్చినాడు. ఆ మాట చెల్లించుటకు తెగిన బొటనవ్రేలు మాత్రము ఏకలవ్యునిది.

మరుసటి యేడు జట్టు ఆజ్ఞలను నిషేధించిరి. ఫలితమేమి? ఆజ్ఞలు పోలేదు, సంకేతభాషలోనికి మారినవి. 2010 జూలై 25న జర్మనీలోని హాకెన్‌హైములో ముందున్న ఫెరారీ డ్రైవరు మాసాకు, నీ వెనుక వచ్చు సహచరుడు అలోన్సో నీకన్న వేగముగా నున్నాడు, అర్థమైనదా అను భావమున రేడియోలో పలికిరి. చిన్నపిల్లవానికైనను అర్థమగు సంకేతమది. ఫెరారీ లక్ష డాలర్లు కట్టినది. 2011 నాటికి అమలు కాని ఆ నిషేధమునే ఎత్తివేసిరి.

ఆజ్ఞ ఉండుటకన్న అస్పష్టముగా నుండుట ప్రమాదకరము. 1982 ఏప్రిల్ 25న ఇమోలాలో ఫెరారీ కార్లు రెండును ముందుండగా, పిట్టునుండి వేగము తగ్గింపుడని పలక చూపిరి. ఉన్న వరుసలోనే ఉండుమన్నారని జిల్ విల్నవ్ అనుకొన్నాడు. సహచరుడు పిరోనీ అట్లనుకొనలేదు, తుది చుట్టులో దాటి గెలిచినాడు. ఇక పిరోనీతో మాటలాడనన్న విల్నవ్ పదుమూడవనాడు బెల్జియములోని జోల్డర్‌లో అర్హత చుట్టులు తిరుగుచు మరణించినాడు. ఆ కోపమే అతనిని చంపినదని నేననను. అయినను ఆ పలకమీద మరి రెండు మాటలు వ్రాసియుండిన ఆ మైత్రియైనను నిలిచియుండెడిది.

కనుక నా అభిప్రాయమిది. సీజను తొలిసగమున ఇద్దరిని సమానముగా పోరనీయవలెను. ఎవడు కోడెయో ఎవడు ముదురెద్దో చేలో దిగిననాడు గాని తెలియదు. పిమ్మట పట్టికలో ఒకరే కిరీటమునకు దగ్గరగా నున్నచో, పందెమునకు ముందే, ఇద్దరి యెదుటను, ప్రేక్షకులకును తెలియునట్లు ఆ మాట చెప్పవలెను; మరుసటి యేడు ఆ లెక్క మొదటినుండి మరల కట్టవలెను. చెప్పక వదలుటకును వెల కలదు. బర్డ్ స్థానమున కాసిడీని తెచ్చుకొన్న జాగ్వార్, 2024 జూలైలో లండనులో జరిగిన తుది పందెములకు ఇద్దరు డ్రైవర్లను కిరీటమునకు పోటీదారులుగా దింపి, ఎవరిని కాదనలేకపోయినది. జట్ల కిరీటము చిక్కినది గాని, డ్రైవర్ల కిరీటము ఆరు పాయింట్ల తేడాతో పోర్షే డ్రైవరు పాస్కల్ వేర్లైన్‌కు పోయినది. ఎవాన్స్ రెండవవాడు.

ఇక, ఆ పాఠము నేర్పిన హైదరాబాదులో 2024 ఫిబ్రవరి 10న జరుగవలసిన రెండవ పందెము రద్దయినది.